శుక్రవారం మిషన్ ఆగొద్దన్న అంజన్న

అంజన్న ఇక లేడని జగిత్యాల నుంచి ఫోను వచ్చినప్పుడు కోరుట్లలో నా సెల్‌ఫోన్ల దుకాణం షట్టరు సగం ఎత్తి ఉన్నాను. దాన్ని సగంలోనే వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను. మూత్రపిండాలు చెడి చాలా కాలంగా డయాలసిస్‌కు తిరుగుతున్న మనిషి. ఈ దుర్వార్త ఏదో ఒకరోజు చెవిన పడుతుందని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఎదురుచూసిన పిడుగు కూడా పిడుగే. ఏడుపు రాలేదు, ఒళ్లంతా నీరసం కమ్మింది. ఆ నీరసం ఇంకా దిగలేదు కనుక ఈ వ్యాసంలో ఎక్కడైనా వాక్యం కుంటితే పాఠకులు మన్నించాలి.

నా పేరు గౌస్. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. బడిలో మా తెలుగు పంతులు పుణ్యమా అని సంస్కృత పదాల మీద మోజు పట్టుకుంది. అంజన్న దానికి నవ్వేవాడు. "భాయ్, నువ్వు మాట్లాడితె పురాణం ఇన్నట్టుంటది" అనేవాడు. అందుకే 'కీర్తిశేషులు', 'పుణ్యమూర్తి' వంటి మాటలు ఆయనకు తగిలించను. సంతాపసభలో ఆ పని చేసినవాళ్లు చేశారు. నాకు తెలిసిన అంజయ్య గౌడ్ ఎటువంటివాడో చెప్పి ఊరుకుంటాను.

వాళ్లది కోనరావుపేట దగ్గర ఒక కల్లుగీత కుటుంబం. తండ్రి తాళ్లెక్కేవాడు. వరుస కరువుల్లో చెట్లు ఎండిపోయాక అంజన్న దుబాయి పోయాడు. అక్కడ పెద్ద పెద్ద మేడలకు ఏసీ గొట్టాలు బిగించే పని. పగలంతా పరుల గదులకు చల్లదనం పంపి, తాను రేకుల క్యాంపులో ఉడికి, నీళ్లు తాగడానికి కూడా తీరిక లేని ఎండల్లో ఏళ్లు గడిపి, నడుము పట్టుకుని తిరిగొచ్చాడు. ఆయన దిగాడు, తమ్ముడు రాజం సౌదీ విమానం ఎక్కాడు. ఇంటికి ఒకడు ఎడారిలో ఉండాల్సిందే అన్నది మా దిక్కు ఆచారమైపోయింది. దాన్ని గురించి రాసి రాసి అందరికీ చేతులు నొప్పి పుట్టాయి, నేను మళ్లీ రాయను.

కోరుట్లలో మేమిద్దరం కలిసి ఇంటర్నెట్ సెంటరు పెట్టాం. అప్పటికి చేతిలో కెమెరా ఫోన్లు లేవు. గల్ఫ్‌లో సెలవు శుక్రవారం గనుక ఆ రోజు మా సెంటరు జాతరయ్యేది. సారంగాపూర్ నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ ఆడవాళ్లు పిల్లలకు తలకు నూనె రాసి, పెట్టెలో దాచిన బట్టలు తొడిగి తీసుకొచ్చేవాళ్లు. తెర మీద మొగుడి ముఖమో కొడుకు ముఖమో కనబడితే చాలు, మాటలు కూడా మరిచిపోయేవాళ్లు.

మా కంప్యూటర్లేమో హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసినవి. బొమ్మ ఆగి ఆగి వచ్చేది, పెదవులు కదిలిన చాలాసేపటికి మాట వినబడేది. కొత్తవి కొనే తాహతు లేదు. అప్పుడు అంజన్న వాటిని ఓవర్‌క్లాక్ చేయడం నేర్చుకున్నాడు. అంటే మిషన్‌కు మెదడు వంటి ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటె మించి ఉరికించడం. బొమ్మ బాగుపడింది, కానీ వేడి పెరిగింది. వేడి మితిమీరితే మిషన్ తనను తాను కాపాడుకోవడానికి ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖమూ దాంతోపాటే ఆరిపోతుంది.

అంజన్న బతుకంతా ఈ ఒక్క చోట చిక్కుకుంది. "శుక్రారం మిషన్ ఆగొద్దు భాయ్. ఆగిందంటె గా ఇంటోళ్లకు మల్ల శుక్రారం దాంక ఉపాసమే" అనేవాడు. నేను మొదట్లో అదేదో వ్యాపార సూత్రమనుకున్నాను. పోను పోను అర్థమైంది, ఆయనకు అది వ్రతం.

వ్రతానికి తగ్గ విధి కూడా ఉండేది. గురువారం మధ్యాహ్నం గిరాకీ ఉండదు. అప్పుడు ఒక్కో మిషన్ విప్పి, ప్రాసెసర్ నెత్తిన కూర్చునే రెక్కల దిమ్మను, అదే హీట్‌సింక్‌ను, బయటికి తీసేవాడు. వేడిని పీల్చి గాలికి వదలడం దాని పని. దాని అడుగు మన కంటికి అద్దంలా కనబడుతుంది గానీ సమంగా ఉండదు. అంజన్న బల్ల మీద మందపాటి గాజుపలక పరిచి, దాని మీద సన్నని ఎమరీ కాగితం తడిపి పెట్టి, దిమ్మను దాని మీద మెల్లగా రుద్దేవాడు. గట్టిగా అదమకూడదు, దాని బరువే చాలు. కాసేపు ఇటు, తిప్పి కాసేపు అటు. తర్వాత స్టీలు స్కేలు అంచును అడుగున ఆనించి వెలుతురుకేసి పట్టుకుని చూసేవాడు. స్కేలుకూ లోహానికీ నడుమ వెలుగు సన్నగా తొంగిచూసినా మళ్లీ మొదటికి.

నాకు ఓపిక తక్కువ. ఆ చప్పుడు వింటే పళ్లు జివ్వుమనేవి. ఎందుకింత చాకిరీ, కాస్త ఎక్కువ పేస్టు రాస్తే పోదా అని విసుక్కునేవాణ్ని. ప్రాసెసర్‌కూ దిమ్మకూ మధ్య రాసే తెల్లని పేస్టు గురించి నా మాట. అందరూ దాన్ని రొట్టె మీద మీగడలాగా పూసేవాళ్లు. అంజన్న బియ్యపు గింజంతే పెట్టేవాడు. "రెండు తగిలినట్టె కనవడ్తయ్ భాయ్. కని నడుమ గాలుంటది. గా గాలిని ఎల్లగొట్టెతందుకే పేస్టు. ఎక్కువైతె గదే అడ్డమైతది" అన్నాడు. ఆ మాటను మా సంసారాలకూ స్నేహాలకూ అన్వయించి ఒక వ్యాసం రాయాలని అప్పట్లో నాకు తహతహ ఉండేది. ఇప్పుడు లేదు. ఆయన హీట్‌సింక్ గురించి చెప్పాడు, అది హీట్‌సింక్ గురించే నిజం, చాలు.

అంత నిష్ఠాపరుడూ ఒకసారి తప్పు చేశాడు. దసరా ముందు మిషన్లన్నీ విప్పి, దిమ్మలన్నీ రుద్ది, బల్ల మీద వరుసగా వెల్లకిల పరిచాడు. ఆయన తల్లి రాజవ్వ పండుగకని వచ్చి ఉంది. గీత ఇళ్లలో దసరానాడు కల్లు గీసే కత్తులకు మొక్కడం ఆనవాయితీ. ఆమె లోపలికొచ్చి కొడుకు పనిముట్లు తళతళలాడుతుంటే చూసింది. కత్తికి వెడల్పు వైపున పెట్టినట్టే ఒక్కో దిమ్మకు నడిమధ్యన తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుంది. వారమంతా రుద్దిన చోటనే పెట్టింది.

నేను అంజన్న ముఖం చూశాను. కోపం రాలేదు. తల్లి వెళ్లాక ఒక్కొక్కటీ తుడిచాడు. చివరిదాని దగ్గరికి వచ్చేసరికి ఆమె కొబ్బరిముక్కలు పట్టుకుని మళ్లీ వచ్చి పక్కనే నిలబడింది. ఆమె చూస్తుండగా బొట్టు చెరపడానికి చేయి రాలేదు. పైన పొడిని ఊది, పేస్టు పెట్టి బిగించేశాడు. ఇంత పలుచని బొట్టు ఏం చేస్తుందిలే అనుకున్నాడట. ఎవరి హీట్‌సింక్ కిందనైనా దుమ్ము ఉంటుంది, వెంట్రుక ఉంటుంది. కుంకుమ బొట్టు మా సెంటర్లో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండి ఉండదు.

ఆ శుక్రవారం సత్తవ్వ వచ్చింది. సారంగాపూర్ ఆమె, మొగుడు లేడు, ఒక్కడే కొడుకు. అతడు దుబాయిలో కట్టడం మీది నుంచి పడ్డాడని ఊళ్లోకి కబురొచ్చింది. బతికే ఉన్నాడని ఏజెంటు, లేడని పక్కింటివాళ్లు. క్యాంపులోని దోస్తులు ఆ రోజు ఆసుపత్రి మంచం దగ్గరికి ల్యాప్‌టాప్ తీసుకుపోయి చూపిస్తామన్నారు. నర్సు కళ్లుగప్పి చేసే పని గనుక ఎక్కువసేపు వీలుపడదని ముందే చెప్పారు. ఆమె కూర్చున్నది ఆ బొట్టు మిషన్ ముందరే.

కాల్ కలిసింది. తెల్లటి దుప్పటి కనబడింది, కట్టు కట్టిన కాలు కనబడింది. కెమెరా ముఖం వైపు తిరుగుతోంది. తెర నల్లబడింది.

సత్తవ్వ అరవలేదు. నా వైపు తిరిగి, "సచ్చిపోయిండు గదా, అందుకే బంద్ జేసిండ్రు గదా కొడుకా" అంది. కాదమ్మా, మిషన్ ఆగిందని చెప్పాను. అంజన్న అప్పటికే స్క్రూలు విప్పుతున్నాడు. వేడికి వేళ్లు కాలుతున్నా దిమ్మను ఊడబెరికాడు. కింద ఎర్రని మరక. రాజవ్వ అక్కడే గుమ్మంలో ఉంది. ఈసారి అంజన్న ఆగలేదు. స్పిరిటు గుడ్డతో బొట్టు తుడిచేశాడు, గింజంత పేస్టు పెట్టాడు, బిగించాడు, వేగం కొంత తగ్గించాడు. నేను పక్క మిషన్ మీద ఆ దోస్తులను బతిమాలుతూ రాస్తున్నాను, ఇంకొంచెం ఉండండని. మిగతా ఆడవాళ్లు తమ కాల్స్ వదిలేసి చుట్టూ నిలబడ్డారు.

మళ్లీ కలిసింది. కొడుకు ముఖం వాచిపోయి ఉంది గానీ కళ్లు తెరిచే ఉన్నాడు. "అవ్వా, అన్నం తిన్నవా?" అన్నాడు. సత్తవ్వ తిన్నానంది. పొద్దుటి నుంచి ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదని మా అందరికీ తెలుసు.

వాళ్లు వెళ్లాక అంజన్న తల్లి పక్కన కూర్చున్నాడు. మందలించలేదు. లోపలి మొహానికి బొట్టు పెడితే వేడి బయటికి పోదని, పైన ఫ్యాన్ చట్రానికి పెట్టుకోమని చెప్పాడు. రాజవ్వ ఒప్పుకోలేదు. "పనిజేసేది లోపలిదైతె పైన డబ్బకు మొక్కుమంటవా?" అంది. చివరికి రెక్కల అంచున పెట్టడానికి రాజీ కుదిరింది. ఆమె పోయేదాకా ప్రతి దసరాకూ అట్లాగే జరిగింది. ఆమె పోయాక నేనే పెడుతూ వచ్చాను. మసీదుకు పోయేవాడివి నీకెందుకని అడిగినవాళ్లు ఉన్నారు. మా రాజవ్వ పెద్దమ్మ పని ఎవరో ఒకరు చేయాలి కదా అన్నాను.

తర్వాత అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. జాతర పలుచబడింది, సెంటరు మూతపడింది. నేను ఫోన్లు అమ్మడానికి దిగాను. అంజన్న సిరిసిల్ల పోయాడు. అక్కడ చీరలకు డిజైన్లు గీసే కంప్యూటర్లు ఉన్నాయి, మరమగ్గాల నుంచి లేచే నూలుపీచు వాటి రెక్కల్లో దూరి దట్టంగా అట్టకడుతుంది. కుంచెతో ఆ పీచు దులపడమే పని. ఆర్డర్లు లేక మగ్గాలు ఆగిన నెలల్లో ఆ పనీ ఆగేది. మగ్గం కార్మికులు పని వెతుక్కుంటూ బస్సెక్కి మహారాష్ట్రలోని భివండికి పోతుంటే ఆయన గేటు దగ్గర నిలబడి సాగనంపేవాడట. "పీచు లేదు భాయ్, మిషన్లు సాఫ్‌గున్నయ్. గింత సాఫ్‌గుంటె మంచిగనిపిస్త లేదు" అని నాతో ఫోన్లో అన్నాడు. ఆ గొంతులోని అలసట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

దుబాయి ఎండ అప్పుడు తినకుండా వదిలిన మూత్రపిండాలను ఈలోగా లోపల నుంచి తింటూ వచ్చింది. డయాలసిస్ మంచం మీద చూడబోతే గొట్టాల వైపు చూపించి, నాకూ బయట కూలింగు పెట్టారని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అప్పుడు మెల్లగా ఒక మాట అడిగాడు. "నేను పోతె రాజంకు సెలవు దొరకది. వానికి జర నా మొఖం సూపియ్యి భాయ్. గంతే." చూపిస్తానన్నాను. ఇంత చిన్న పని నాకు అప్పగించాడేమిటి అనుకున్నాను. ఫోన్లు అమ్ముకునేవాణ్ని, ఆ మాత్రం చేతకాదా?

దహనం నాడు వైశాఖపు ఎండ నిప్పులు చెరుగుతోంది. కట్టెల మీద పడుకోబెట్టి, ముఖం మీది గుడ్డ తీయబోతుండగా రాజానికి వీడియో కలిపాను. అతడు పనిచోట పర్మిషన్ తీసుకుని గోడ నీడన నిలబడి ఉన్నాడు. నేను ముందుకు నడిచేలోపు ఫోను వేడెక్కిందని, చల్లబడేదాకా ఆగమని అక్షరాలు వచ్చి తెర నల్లబడింది. తొడుగు తీసేశాను. తువ్వాల నీడన పట్టాను, విసిరాను, చల్లని నీళ్ల సీసాకు ఆనించాను. పక్కవాళ్ల ఫోన్లు అడిగాను. ఒకదానిలో రాజం నంబరు కలవలేదు, ఇంకొకటి నాదానిలాగే మూగబోయింది.

పెద్దలు కాసేపు ఓర్చుకున్నారు. అంజన్న పెద్ద బిడ్డ కొరివి పట్టుకుని ఉంది, కొడుకులు లేరు. కాలుతున్న నేల మీద ఉత్త పాదాలతో ఆ పిల్ల ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తోంది. అందరూ నా వైపే చూస్తున్నారు. చివరికి నేనే, "ఇగ కానియ్యి బిడ్డా" అన్నాను.

మంట లేచాక ఫోను తెరుచుకుంది. రాజం అదే గోడ పక్కన ఉన్నాడు. "భాయ్, కట్ అయింది. అన్నను సూపియ్యి" అన్నాడు. నేను ఫోను మంట వైపు తిప్పి పట్టుకున్నాను. బొమ్మ ఎక్కడా ఆగకుండా వచ్చింది. అంజన్న ఉంటే ఆ పిల్ల పాదాలూ కాలనిచ్చేవాడు కాదు, తమ్ముడికి ముఖమూ చూపించేవాడు. నాకు రెండోది చేతకాలేదు.