వాన కోసం విన్న తుఫాను కబురు

మా పెద్దోడు పోయి మూడు నెలలయింది. సముద్రం ఒడ్డున ఉప్పు మడుల్లో పనికి పోయినవాణ్ని ఉప్పెన తీసుకుపోయిందని, వాణ్ని పనికి పిలుచుకుపోయిన మా వీధి మేస్త్రీ వచ్చి చెప్పాడు. గడప దాటి లోపలికి రాలేదు ఆయన. శవం కూడా దొరకలేదు. నేను చదివింది మూడో తరగతి. అయినా వాడి గురించి నాలుగు మాటలు రాయకుంటే ఊపిరాడడం లేదు.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. ఉన్నది రేగడి చేను. సముద్రంలో వాయుగుండం పడితేనే కార్తీకంలో మాకు వాన. అందుకే రేడియోలో వాతావరణం చెప్పే వేళకు వాడు కాళ్లు కూడా కడుక్కోకుండా వచ్చి కూర్చునేవాడు. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, వీధిలోకి పోయి అరిచేవాడు.

"పెద్దమ్మా, గుండం లేసిందంట! ఇత్తనాల గొర్రు బయటికి తీయండి."

"పోయిన తూరి గూడా ఇట్లనే లేసింది లేరా, సుక్క రాల్లేదు" అనేది ఎదురింటామె.

"ఈ తూరి రాకుంటే మీసం గీకించుకుంటా పో."

ఆ తర్వాత చేపలు పట్టేవాళ్లు వేటకు పోవద్దు, ఒడ్డున ఉండేవాళ్లు జాగ్రత్త అని చెబుతుంటే రేడియో కట్టేసేవాడు. "అది మనకు గాదులే మా" అనేవాడు. నేనూ సరే అనేదాన్ని. మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఎవరున్నారు?

ఈ ఏడు వానల్లేక విత్తనం పడలేదు. వాడు ఉప్పు పనికి పోయాడు. పోతూ "రేడియో నువ్వు ఇను మా. వానొస్తే చెల్లెలు, నువ్వు ఇత్తేయండి. నా కోసం సూడొద్దు" అన్నాడు.

తుఫాను వస్తుందని రేడియో చెప్పిన రోజు నేను సంతోషపడ్డాను. దాచను. చర్చిలో ఆడవాళ్లతో కలిసి మోకాళ్లూని, వాన పంపుతున్నావు ప్రభువా, స్తోత్రం అన్నాను. వాడు ఒడ్డున ఉన్నాడని తెలుసు. పడవెక్కేవాడు కాదు కదా అనుకున్నాను.

వాడూ అదే అన్నాడట. మేస్త్రీ చెప్పాడు.

"ఊరోళ్లంతా బడి మిద్దెకు పోతాండిరి అక్కా. రారా అంటి. 'అది చాపలోళ్లకు చెప్తాండారు, మనమేం పడవెక్కుతాండామా? ఉప్పు కరిగిపోతాది, తాటాకు కప్పొస్తా' అనె."

ఆ వాన మా చేనికీ వచ్చింది. కబురు తెలియక ముందే, వాడు చెప్పినట్టే, కూతురితో కలిసి జొన్న విత్తాను. ఊళ్లో ఏ చేనూ ఇంత ఏపుగా లేదంటున్నారు. కంకుల్లో పాలు పడ్డాయి. పిట్టలు గుంపులుగా వాలుతున్నాయి. తోలడానికని గట్టు దాకా పోతాను. చేతిలో రాయి ఉంటుంది. చెయ్యి లేవదు.