ఇంకోసారి చూడమనే మాస్టారు

మా మాస్టారికి దేన్నీ ఒకసారి చూసి నమ్మే అలవాటు లేదు. తలుపుకి తాళం వేసి నాలుగడుగులు నడుస్తారు, వెనక్కొచ్చి లాగి చూస్తారు. మళ్ళీ నాలుగడుగులు వేశాక, లాగింది ఈ తాళమేనా అని అనుమానం వస్తుంది. ఇంట్లోంచి బయల్దేరిన మనిషి వీధి చివరికి చేరేసరికి పక్కింటివాళ్ళు బజారుకెళ్ళి వచ్చేస్తారు.

ఆయన భార్యని నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ ఓ రోజు విసిగిపోయి, "నేను మీ పెళ్ళాన్నని అయినా నమ్ముతారా?" అని నిలదీశారట. ఈయన కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇప్పటివరకూ కాదనడానికి ఆధారమేదీ దొరకలేదు" అన్నారట. ఆ పూట పిన్నిగారు ఆయనకి కాఫీ ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఇలాంటి మనిషి నాకు పై అధికారి. మాది నక్షత్రాల్ని పరిశీలించే వేధశాల. రాత్రంతా టెలిస్కోపు దానంతటదే గెలాక్సీలకి ఫొటోలు తీసి పెడుతుంది. పొద్దున్నే మేం కుర్చీల్లో కూర్చుని వాటిని పాత ఫొటోలతో పోల్చి చూస్తాం. నిన్నటిదాకా లేని చుక్క ఇవాళ కనిపిస్తే, అక్కడో నక్షత్రం పేలిపోయి ఉండొచ్చు. దాన్నే సూపర్నోవా అంటారు. ఉండొచ్చు అన్న ఆ ఒక్క మాట పట్టుకుని మాస్టారు ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశారు.

నేను చేరిన కొత్తలో ఓ చుక్క చూసి గావుకేక పెట్టాను. ఆ రోజు మాస్టారు పన్ను పీకించుకోవడానికి సెలవులో ఉన్నారు. (సరైన పన్నే పీకారా అని డాక్టర్ని మూడుసార్లు అడిగారట.) డైరెక్టరుగారు పత్రికలవాళ్ళకి ఫోన్ చేసేశారు. కేకు తెప్పించి కోశాం కూడా. మర్నాటికి చుక్క పక్కకి జరిగింది. నక్షత్రాలు అలా జరగవు. అదో గ్రహశకలం, మన సూర్యుడి చుట్టూ తిరుగుతూ, ఎక్కడో దూరాన ఉన్న గెలాక్సీకి అడ్డంగా తన దారిన తాను పోతోంది. అప్పటినుంచి ఆఫీసులో నా పేరు కేకు.

"ఇంకోసారి ఇలాంటిది జరిగితే, నీ ఉద్యోగం పొడిగించే కాగితం మీద నేను సంతకం పెట్టను" అన్నారు డైరెక్టరుగారు. అది జరిగి ఆర్నెల్లయింది. ఆ కాగితం ఈ నెలాఖరుకి ఆయన బల్ల మీదకి రావాలి.

సరిగ్గా అలాంటి నెలలో, ఓ మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, ఓ గెలాక్సీ అంచున నాకు కొత్త చుక్క కనిపించింది. ఈసారి అరవలేదు. పిల్లిలా వెళ్ళి మాస్టారిని పిలుచుకొచ్చాను.

ఆయన చూశారు. "ఏదీ, ఇంకోసారి చూడు."

"చూశానండీ."

"కెమెరాలో మచ్చేమో?"

"మిగతా ఫొటోల్లో లేదండీ."

"గ్రహశకలమేమో?"

"గ్రహశకలాల జాబితా అంతా వెతికాను. అటువైపు ఏదీ రాలేదు."

"మానిటర్ తుడిచావా?"

నేను పళ్ళు కొరుక్కుంటూ గుడ్డ కోసం ఆఫీసంతా తిరిగి, పది నిమిషాలకి దొరికితే తెచ్చి తుడిచాను. చుక్క అక్కడే ఉంది. మాస్టారు తన జేబురుమాలుతో మళ్ళీ తుడిచారు.

"మాస్టారూ, కబురు పంపేద్దామండీ! ఈ గెలాక్సీని చూసేవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది లేరు? ముందు పంపినవాళ్ళదే పేరు. ఎవరైనా పంపేస్తే ఆ కేకు మచ్చ పోగొట్టుకునే అవకాశం గోవిందా!"

"తొందరేముంది అమ్మాయ్? పేలిందే అయితే, ఆ వెలుగు మనదాకా రావడానికే ఆరు కోట్ల ఏళ్ళు పట్టింది. ఇంకో రెండు రోజులు ఆగలేదూ?"

బుధవారం చుక్క కదల్లేదు, కాస్త మెరుపెక్కింది. "ఇంకోసారి" అన్నారు. గురువారం మబ్బు పట్టింది. నాకు అన్నం సయించలేదు. ఎవరెవరు ఏం కనిపెట్టారో రాసే ప్రపంచ జాబితా ఒకటుంది. దాన్ని తెరవబోతే, "చూడకు, చూస్తే పని సాగదు" అని కసిరారు. అన్నిటినీ మళ్ళీ మళ్ళీ చూడమనే మనిషి అదొక్కటీ అసలు చూడొద్దన్నారు. ఒళ్ళు మండిపోయింది.

చుక్క వెలుగుని రంగులుగా విడదీసి చూస్తేగానీ అది ఫలానా అని తేలదు. అంత పెద్ద టెలిస్కోపు మాకు లేదు. మాస్టారు తన పాత సహాధ్యాయిని బతిమాలి, వాళ్ళ టెలిస్కోపుతో ఆ పని చేయించారు. శుక్రవారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఆయన చదివారు. కళ్ళద్దాలు మార్చి చదివారు. నాచేత పైకి చదివించి విన్నారు.

"సూపర్నోవాయే" అన్నారు, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా.

హమ్మయ్య అనుకోబోయి, ఆ జాబితా తెరిచాను. నా చుక్క అందులో అప్పటికే ఉంది. మంగళవారం తేదీతో.

"అయిపోయింది మాస్టారూ! ఎవరో అదే రోజు పంపేశారు." ఏడుపొక్కటే తక్కువ.

"ఏదీ, ఇంకోసారి చూడు."

చూశాను. మంగళవారం తొమ్మిదీ ఇరవై. కనుగొన్నవారు అన్నచోట నా పేరు ఉంది. పంపినవారు అన్నచోట ఆయన పేరు. కింద చిన్న అక్షరాల్లో ఇలా రాసి ఉంది: చుక్కని పట్టుకుంది మా అమ్మాయి. పరిశీలన ఇంకా సాగుతోంది. పొరపాటని తేలితే అది నాది.

నేను గుడ్డ కోసం తిరుగుతున్న ఆ పది నిమిషాల్లో పంపేశారన్నమాట.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను, కోపమో ఇంకేమో తెలియని గొంతుతో.

"తప్పయితే, నీకు తెలియకుండా నేనే పంపానని డైరెక్టరుతో చెప్పాలి కదా? నీకు తెలిస్తే నీ మొహమే చెప్పేస్తుంది."

"ఎవర్నీ నమ్మని మీరు, పది నిమిషాల్లో నన్నెలా నమ్మేశారండీ?"

మాస్టారు నొచ్చుకున్నారు. "పది నిమిషాలేమిటమ్మాయ్? ఆర్నెల్లుగా రోజూ చూస్తున్నాను నిన్ను. నేను నమ్మనిది ఆ చుక్కని."

సాయంత్రం డైరెక్టరుగారు స్వయంగా వచ్చి, నవ్వుతూ, సంతకం పెట్టిన కాగితం నా చేతిలో పెట్టారు. నేను చదవకుండానే దాన్ని మాస్టారికి అందించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మొదటి పేజీ మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, హాయిగా కళ్ళు మూసుకున్నాను.