నేను మింగిన మాత్రలు

అక్టోబరులో ఒక ఉదయం పదకొండుకు మంచుకొండల మీది మిలిటరీ పోస్టుకు చేరాను. పదిహేను వేల అడుగుల ఎత్తు. మైనస్ పన్నెండు. వీపు మీద ముప్పై కిలోల బరువు. ఒక బంకరు, ఆరుగురం. నా పని రేడియో. గంటకోసారి కింది క్యాంపుకు రిపోర్టు ఇవ్వాలి. ఒక్క గంట తప్పినా తిట్లు.

మూడో వారం నడుము పట్టేసింది. మా మెడికల్ జవానుది గిద్దలూరు. పెట్టెలోంచి నొప్పి మాత్ర తీసిచ్చాడు.

"ఒక్కటే ఏసుకో తమ్ముడూ. ఇది శానా గట్టిది."

నొప్పి పోయింది. దాంతోపాటు నా చెవిలోని మా నాయన గొంతూ పోయింది. తర్లుపాడులో ఆయన పలకల గనికి పోయేవాడు. పని దొరకని రోజు తాగొచ్చి, తిడుతూ బెల్టు తీసేవాడు. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ తిట్లు డ్యూటీలో కూడా నా చెవిలో మోగేవి. ఇరవై ఏళ్లలో అదే మొదటిసారి, అవి ఆగిపోవడం. మర్నాడు అడగకుండా తీసుకున్నాను. తర్వాత రోజుకు మూడు. ఖాళీ అట్టలు మళ్లీ పెట్టెలోనే సర్దేవాణ్ణి.

ఫిబ్రవరిలో, ఉదయం తొమ్మిదికి, పోస్టు కమాండర్ మంచు మీద జారాడు. తొడ ఎముక విరిగింది. ఇంజెక్షన్లు చలికి పగిలిపోయి అప్పటికే నెలయింది. మిగిలినవి ఆ మాత్రలే. మెడికల్ జవాను ఒక్కో అట్టా తీసి చూశాడు.

"మాత్రలు ఏమైనాయి?"

"నేనే మింగినా అన్నా."

"అన్నీనా?"

"అన్నీ."

అతను నన్ను కొట్టలేదు. "రేడియో పట్టుకో. హెలికాప్టర్ అడుగు" అన్నాడు. గాలి తగ్గి అది రావడానికి నాలుగు గంటలు పట్టింది. అంతసేపూ కమాండర్ అరిచాడు.

విచారణ జరిగింది. మత్తు మాన్పించే వార్డులో నాలుగు నెలలు ఉంచారు. ఉద్యోగం పోయింది. న్యాయమే, నాకు పేచీ లేదు. కానీ ఆరేళ్ల పిల్లాణ్ణి బెల్టుతో బాదినవాడి మీద ఏ విచారణా లేదేం? వీధి వీధంతా విన్నది. ఒక్కరూ మా తలుపు తట్టలేదు.

ఇంటికి చేరాను. నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

"ఏందిరా, మిలిటరీ వానివి, బిళ్లలకు అలవాటు పడినావంట?"

"నీ గొంతు ఇనపడకుండా మింగినా నాయనా."

"నేనేం చేసినా? అట్ల కొట్టి పెంచినాను గాబట్టే గదా మిలిటరీకి పోయినావు."

దండెం మీది తువ్వాలు కోసం ఆయన చెయ్యెత్తాడు. అంతే. గోడ పక్కన ఆడుకుంటున్న మా అన్న కూతురు, నాలుగేళ్లది, రెండు చేతులతో తల కప్పుకుంది.

పాపను ఎత్తుకుని అన్న ఉన్న చేనికి నడిచాను. దారిలో ఎంత బుజ్జగించినా ఆ చిన్న చేతులు తల మీంచి దిగలేదు.