రాముడి బిందె దగ్గరికి, ఇంగ్లీషు హత్యల పుస్తకంతో

శ్రీరామనవమికి సుంగై సుమున్ వైపు ఎస్టేట్లకి ఎలా వెళ్ళాలని ఇపోలో ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మెర్డెకా, మలయాకి స్వాతంత్ర్యం, వచ్చాక దారిలో సోదాలు కాస్త తగ్గాయి కాబట్టి, ఈసారైనా అక్కడి బంధువుల మందిరంలో కల్యాణం చూద్దామని వాళ్ళ ఆశ. నేను వెళ్ళింది మెర్డెకాకి ముందు వచ్చిన నవమికి. పండగ చూడటానికి కాదు. మా ఆఖరి చెల్లెలు నర్సమ్మని, ఆమె మొగుడిని అక్కడి ఒక ఎస్టేట్ నుంచి వెళ్ళగొట్టబోతున్నారు. అది ఆపడానికి వెళ్ళాను. ఆ మూడు రోజుల సంగతి రాస్తాను. దారి ఎలాగూ అందులోనే వస్తుంది.

అడవిలో దాక్కుని పోరాడుతున్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని సర్కారు ఆ రోజుల్లో ఎస్టేట్ల చుట్టూ ముళ్ళకంచె వేసి, బియ్యం మనిషికింతని తూచి ఇచ్చేది. గేటు దాటి గింజ లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు. మన వాళ్ళకేమో వంట మొదలుపెట్టే ముందు ఒక పిడికెడు బియ్యం రాముడికి తీసిపెట్టే అలవాటు. ఆ పిడికెళ్ళన్నీ సాయంత్రం భజనకి వచ్చినప్పుడు మందిరంలో బిందెలో వేస్తారు. నవమినాడు ఆ బియ్యంతోనే అందరికీ భోజనం. దొర ఒప్పుకున్నాడు, గేటు దగ్గరి పోలీసు సార్జెంటూ ఒప్పుకున్నాడు, కాని షరతు పెట్టారు. ఇత్తడి బిందె మూతకి పిడికిలి పట్టేంత కంత, మూతకి తాళం, తాళంచెవి నర్సమ్మ దగ్గర. నవమి దగ్గరపడ్డాక సార్జెంటు మూత తీయించి తూచాడు. ఇళ్ళ లెక్కన ఉండాల్సిన బియ్యంలో సగం కూడా లేదు. ప్రతి ఇంటినీ అడిగారు. మేం రోజూ వేస్తూనే ఉన్నామని అందరూ ఒకే మాట చెప్పారు. అయితే మిగతాది కంచె దాటి అడవికి పోయింది, తాళంచెవి ఉన్న మనిషే పంపింది అని తేల్చారు. పండగలోగా జవాబు చెప్పకపోతే నర్సమ్మ మొగుడు అప్పన్న లాకప్పుకి, ఆమె పిల్లలతో వీధిలోకి.

కబురు మా తమ్ముడు సూర్నారాయణకి వచ్చింది. వాడు ఇపోలో గుమాస్తా, జాగ్రత్తపరుడు. సాయంత్రం దీపం పెట్టే వేళకి వచ్చి చెప్పాడు. నేను సంచీ సర్దుకోవడం చూసి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"పోలీసోల్లు సూసుకుంతారు అప్పా. నువ్వెల్లి ఏటి సేత్తావు?"

"అడుగుతాను."

"పూజగదిలో కూకుని తెల్లోడి కూనీ కతలు సదివి ఇలాగైపోనావు. ఆల్లు మూట కట్టుకుని ఎలిపోతన్నారు. నువ్వింకా ఆల్ల ఊల్లల్లోనే తిరుగుతన్నావు లా."

నేను ఆ పుస్తకాలు చదువుతానని ఎప్పుడూ దాచలేదు. మా నాన్న ఎస్టేట్ ఆఫీసులో కిరాణి, అంటే రాతపని గుమాస్తా, నన్ను కాన్వెంటులో చదివించాడు. అక్కడ పట్టుకున్న అలవాటు. పొద్దున సహస్రనామం, మధ్యాహ్నం ఇంగ్లీషు పల్లెటూళ్ళో హత్య. రెండూ శ్రద్ధగానే. ఆ పల్లెటూరు నాకు పరాయిగా అనిపించదు, మా ఎస్టేట్ లైన్ల లాగే, కూలీల ఇళ్ళ వరసల లాగే ఉంటుంది. ఒకే వీధి, ఒకే కొట్టు, ఒకే గుడి. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలుసు. నిజం కనిపెట్టేది పోలీసు కాదు, ఎవరూ పిలవని ఒక మనిషి. ఆ మనిషికి నోటి మీద అదుపుండదు, లేదా తనకే అన్నీ తెలుసన్న పొగరు, లేదా ఎవరి మీదో పాత కోపం. సగం పుస్తకం దాకా తప్పు మనిషినే అనుమానిస్తుంది. నవ్వుతారు, తలుపు మూస్తారు. మర్నాడు మళ్ళీ వచ్చి అడుగుతుంది. నాకు అందుకే ఇష్టం. ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఊళ్ళో ఒక్క మనిషి పోతే ఊరంతా పని ఆపుకుని ఎందుకు పోయాడని అడుగుతుంది. మా లైన్లలో తెల్లారేసరికి ఒక ఇల్లు ఖాళీ అయినా ఎవరూ నోరెత్తరు. ఎమర్జెన్సీ అని ఒక మాట చెప్పి అందరి నోళ్ళూ మూశారు. అడిగే హక్కు ఆ ఊళ్ళకి ఉంటే, వెదురుగడకి కొడవలి కట్టి కొబ్బరికాయలు దించే మా వాళ్ళకి ఎందుకుండదు? తమ్ముడికి ఇంత చెప్పలేదు. తప్పుకోమన్నాను. తప్పుకున్నాడు.

ఇపోలో పొద్దున ఏడున్నర రైలు పట్టుకుంటే తాపా రోడ్‌లో దిగి, తెలుక్ ఆన్సన్ వెళ్ళే చిన్న రైలు ఎక్కొచ్చు. మూడో తరగతిలో రెండు డాలర్ల లోపే అవుతుంది. చెక్క బల్లలే, కాని కిటికీ దగ్గర గాలి బాగుంటుంది. పదకొండింటికల్లా తెలుక్ ఆన్సన్ చేరతారు. అక్కడి నుంచి బగాన్ దాతో బస్సు సుంగై సుమున్ మీదుగా పోతుంది, డాలరు కూడా కాదు, కాని ప్రతి సోదా దగ్గరా అందరూ దిగి ఎక్కాలి. నేను నలుగురు కలిసి ఎక్కే టాక్సీ తీసుకున్నాను. డ్రైవరు తమిళాయన, దారి పొడుగునా కబుర్లు చెప్పాడు. ఏ ఎస్టేట్ అని అడిగాడు. చెప్పాక గొంతు తగ్గించాడు.

"అక్కా, అక్కడ బియ్యం కేసు ఒకటి నడుస్తా ఉంది. మీరు చూసీ చూడనట్టు పండగ చేసుకుని వచ్చేయండి లా."

"ఆ కేసు మా చెల్లెలిదే," అన్నాను.

ఆయన గేటు దగ్గర నా సంచీ తనే దించి పెట్టాడు. అంతకుముందు హుటాన్ మెలింటాంగ్ దాటాక సోదాలో ఒక మలాయి కానిస్టేబులు ఆ సంచీ విప్పాడు. జపమాల, కుంకుమ భరిణె, వాటి కింద అట్ట మీద కత్తి బొమ్మ ఉన్న పుస్తకం. పుస్తకం తిరగేసి, ఎవరు చంపారని అడిగాడు. ఇంకా సగంలోనే ఉన్నానన్నాను. తెలిస్తే తిరిగి వచ్చేటప్పుడు చెప్పి పొమ్మన్నాడు, నవ్వలేదు.

నర్సమ్మ నన్ను చూసి సంతోషించలేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, నా మొహం వైపు చూడకుండా నిలబడింది. భయం అనుకున్నాను. అప్పన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మందిరంలో భజన పెట్టేది అతనే, గొంతు బాగుంటుంది. కాని ఒకప్పుడు కల్లు అలవాటు ఉండేది, అది నేను మరిచిపోలేదు. తాగేవాళ్ళంటే నాకు పడదు. తాళంచెవి ఒకే ఇంట్లో ఉంది, ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఇద్దరే. ఒకరు నా చెల్లెలు. లెక్క అయిపోయిందనుకుని, పిల్లల ఎదుటే అడిగేశాను, బియ్యం కల్లు కింద మారిందా అని.

అతను లేచి నిలబడ్డాడు. "కల్లు తాగినాను వొదినా. రాముడి బియ్యం తాగనేదు," అని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. నర్సమ్మ అప్పుడూ ఏమీ అనలేదు. మొగుణ్ణి అంత మాట అన్నా ఊరుకుందేమిటా అని ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నమంతా లైన్లలో తిరిగాను. ఎవరూ నాతో మాట్లాడటానికి ఇష్టపడలేదు. కనబడిన ఆడవాళ్ళు మంచినీళ్ళిచ్చారు, ఊరి సంగతులు అడిగారు, బియ్యం మాట ఎత్తగానే పిల్లాడు ఏడుస్తున్నాడనో పొయ్యి మీద ఏదో ఉందనో లోపలికి పోయారు. ఒక ముసలామె మాత్రం, మీ పట్నమోల్లకి ఇయ్యేటి తెలుత్తాయమ్మా అంది. కర్ఫ్యూ వల్ల భజన ఎండ ఉండగానే మొదలుపెడతారు. నేను మందిరంలో బిందె పక్క స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నాను. ఒక్కొక్కరూ వచ్చి పిడికిలి వేసి పోతున్నారు. కంత అంచుకి గాజులు తగులుతున్నాయి. చేయి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది, గాజులు మళ్ళీ మోగుతున్నాయి. ఒకసారి గింజలు రాలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత గాజుల చప్పుడే. మళ్ళీ గాజులే.

జపం ఆపి కళ్ళు తెరిచాను. మూసిన పిడికిళ్ళే లోపలికి పోతున్నాయి. బయటికొచ్చిన చేతుల్ని భక్తిగా కళ్ళకద్దుకుంటున్నారు. పక్కవాళ్ళు చూస్తున్నారని తలలు ఇంకాస్త వంచుతున్నారు.

ఆ పుస్తకాల్లో చివర ఒక గదిలో అందరినీ కూర్చోబెట్టి, ఆ మనిషి లేచి, వేలు చూపించి వీళ్ళే అని చెప్పే ఘట్టం ఉంటుంది. నాకు ఇష్టమైన ఘట్టం. కాని ఈ దేశంలో వేలు చూపించడం వేరు. ముఖానికి గుడ్డ కట్టుకున్న మనిషిని పోలీసులు తెచ్చి నిలబెడితే, అతను వేలు చూపించినవాళ్ళు తిరిగి రాలేదు. ఆ పని నేను చేయను. అప్పుడే గేటు దగ్గరికి వెళ్ళి, పొద్దున కూలీలు పనికి పోయే ముందు ఒకసారి మందిరానికి రమ్మని సార్జెంటుని అడిగాను. ఆయన మలాయి ఆయన, నడివయసు, నన్ను మక్‌చిక్ అని పిలిచాడు, పెద్దమ్మ అన్నట్టు. మనిషిని చూపిస్తారా అన్నాడు. చూపించను, వచ్చి కూర్చోండి చాలు అన్నాను. వాళ్ళకి ఉపవాసాల నెల. అలసిపోయి ఉన్నాడు. వస్తానన్నాడు.

భజన అయ్యాక నేను రమ్మని చెప్పి ఉంచాను, పొద్దున అందరూ మందిరానికి వచ్చారు. సార్జెంటు త్రాసు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నేను బిందె జరిపించి, ఆ చోట పళ్ళెం పెట్టాను.

"ఈయేల పల్లెంలో ఎయ్యండి," అన్నాను. "ఉన్నోల్లు ఉన్నంత. నేనోల్లు నేదని సూపించండి. నాను ఎవర్నీ ఏటీ అడగను."

ఎవరూ కదల్లేదు.  ఎవరైనా ఒక్కరు ముందుకొస్తే చాలు. రాకపోతే మధ్యాహ్నానికి అప్పన్నని జీపులో ఎక్కిస్తారు. అందరికీ తెలుసు, అయినా ఎవరి చెయ్యీ లేవలేదు. రాముడి ముందు అబద్ధం ఆడాం, పోలీసు ముందు అదే చెప్పాం అని ఎవరు ఒప్పుకుంటారు?

నర్సమ్మ లేచింది. పళ్ళెం దగ్గరికి వచ్చి పిడికిలి చాపి విప్పింది. ఏమీ లేదు.

"నాదీ ఇంతే అప్పా. సానా దినాలై. పిల్లగుంటలకి సాల్నేదు."

"నాకెందుకు సెప్పనేదు?"

"పోలీసోడు జైల్లో ఎడతాడు. నువ్వు మరి నా మొకం సూడవు."

ఆమె భయపడింది నాకు.  అప్పుడు ఆమె వెనక ఇంకొకామె వచ్చి చెయ్యి విప్పింది. తర్వాత ఇంకొకరు. మగవాళ్ళు కూడా వచ్చారు. లైన్లలో నన్ను పట్నమోల్లలో కలిపేసిన ముసలామె నాలుగు గింజలు రాల్చి, నాది సగం దొంగతనమే అంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో మిగతావాళ్ళు కూడా కదిలారు.

సార్జెంటు మలాయిలో అడిగాడు, మరి లెక్కలో బియ్యం ఎక్కడికి పోయిందని. ఎక్కడికీ పోలేదు, రానే లేదు అన్నాను. పళ్ళెంలో అడుగు కూడా నిండని గింజల్ని చూశాడు. ఈ నెలలో ఆకలి గురించి నాకు పాఠం అక్కర్లేదు మక్‌చిక్ అని, త్రాసు చంకన పెట్టుకుని దొర బంగళా వైపు వెళ్ళాడు. మధ్యాహ్నం జీపు రాలేదు. దొర ఒక్క మాట కూడా కబురు పంపలేదు. అప్పన్న దగ్గరికి వెళ్ళి, నేనన్నది తప్పన్నాను.

"ఆ పుస్తకాల్లో ముందు మరిదినే అనుమానిత్తారేటి వొదినా?"

"ఎక్కువ మరుదులే," అన్నాను.

అతను నవ్వలేదు కాని, సాయంత్రం భజనలో నా కోసం ఒక పాట పాడాడు. మర్నాడు కల్యాణం జరిగింది. తలంబ్రాలకి కొద్దిగా తీసి, బిందెలో ఉన్న బియ్యమంతా వండి ముందు పిల్లలకి పెట్టారు. పెద్దలు పానకం తాగి, వడపప్పు తిన్నారు. నర్సమ్మ నా పక్కన కూర్చుంది. ఈసారి నా మొహం చూసింది.

రేషన్ పెరగలేదు. మెర్డెకా రోజున కూడా ఆ కంచె అక్కడే ఉందట, కొత్త జెండా దాని మీదే కట్టారని నర్సమ్మ చెప్పింది. నేను తిరిగొచ్చాక మన పెద్దలు ఒకరిద్దరు, పూజలు చేసుకునే మనిషికి హత్యల పుస్తకాలు తగవని తమ్ముడితో అన్నారు. తగవని నాతో అనమనండి, వింటాను. మానను. పిలవని చోటికి వెళ్ళి, తప్పు మనిషిని అనుమానించి, సిగ్గుపడి, మళ్ళీ అడగడం నాకు ఆ పుస్తకాలే నేర్పాయి. వాటిలో ఒక్క లోటుంది. ఎవరో ఒకరు దోషి అయితే తప్ప వాళ్ళకి కథ ముగించడం రాదు. మందిరంలో ఆ పొద్దున అంతమంది చేతులు విప్పారు, ఒక్కరినీ పట్టుకుపోలేదు. ఈ దేశం ఇక మనదే అంటున్నారు కదా, మన సంగతులు మనం మొహం మీదే అడుగుదాం. గుడ్డ కట్టుకున్నవాడి చేత చూపించుకోవద్దు.

నవమికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. గేటు దగ్గర బియ్యం ఇప్పటికీ దాటనివ్వరు, కాబట్టి ఏదైనా పట్టుకెళ్ళి ఇద్దామనుకోవద్దు. తెలుక్ ఆన్సన్‌లో బస్సు ఎక్కే ముందే కడుపు నిండా తినండి. ఎస్టేట్‌లో మీకు ఆకు వేస్తారు. తినే వచ్చామని చెప్పండి. రెండోసారి బతిమాలతారు, అప్పుడూ అదే చెప్పండి.