మా మేడమీద అమ్మాయి వీసా

మా ఇల్లు తాడేపల్లిగూడెంలో, రైసుమిల్లుల వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంది. మా ఆయన మిల్లు మోటార్లకు రివైండింగ్ చేస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. మేడమీద గదిలో ఇథియోపియా నుంచి వచ్చిన అమ్మాయి అద్దెకుండేది. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో కొల్లేటి నీళ్ళ మీద పీహెచ్‌డీ చేస్తోంది. నెలకోసారి మండవల్లి వెళ్ళి, పడవలో తిరిగి, సీసాలతో నీళ్ళు తెచ్చి లాబ్‌లో పరీక్ష చేసేది. నేను డిగ్రీ దాకా చదివాను కాబట్టి ఇద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. నన్ను మాత్రం "అక్కా" అని తెలుగులోనే పిలిచేది.

ఒక మధ్యాహ్నం ఫోను చేతిలో పట్టుకుని కిందికొచ్చి, నా మిషను పక్కన నిలబడింది. కుట్టు ఆపి చూస్తే ముఖం వాడిపోయి ఉంది. వీసా గడువు దగ్గరపడుతోందని, పొడిగించమని ఆన్‌లైన్లో ఎప్పుడో దరఖాస్తు పెట్టానని, అది ఇప్పుడు వెనక్కి వచ్చిందని చెప్పింది. ఈ దేశంలోకి వచ్చిన కొత్తలో ఏలూరులో ఒక గదిలో ఉండేది. రికార్డుల్లో ఆ చిరునామాయే ఉండిపోయింది. పోలీసులు విచారణకు అక్కడికి వెళ్తే, అలాంటివాళ్ళు ఇక్కడెవరూ లేరన్నారట. ఇప్పుడున్న ఇంటి కాగితాలు, ఇంటి యజమాని సంతకంతో సహా మళ్ళీ పంపాలి. అదీ గడువు లోపలే.

సంతకం ఎంతసేపు అనుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయన గుర్తుచేశారు, ఇల్లు మా బావగారి పేరు మీద ఉందని.

బావగారు ఏలూరులో ఉంటారు. ఆఫీసులన్నా స్టేషనన్నా ఆయనకు గుబులు. ఫోన్లో అడిగితే, ఆలోచించి చెప్తానన్నారు. రెండోసారి చేస్తే ఎత్తలేదు. మా అత్తమ్మ నమాజు చాప మడుస్తూ, ఆ పిల్లను వేరే ఇల్లు చూసుకోమనడమే అందరికీ మంచిదంది. మేడమీద ఆ అమ్మాయి అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు కింద మాకు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు నేనే రైలెక్కి ఏలూరు వెళ్ళాను. బావగారు మర్యాదగా కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు. కాగితం తీసి ముందు పెడితే దాన్ని ముట్టుకోలేదు.

"సంతకానికేముందమ్మా. రేపు ఆ పిల్ల చెప్పకుండా ఎటన్నా పోయిందనుకో, పోలీసులు వచ్చేది నా గుమ్మంలోకి."

ఆయన తప్పని అనలేను. నాకూ లోపల ఆ భయం ఉంది. మేడమీద ఉన్న మనిషి గురించి నాకు తెలిసిందెంత? పొద్దున్నే కాఫీ గింజలు వేయించుకుంటుందని, వాన పడితే మా డాబా మీద బట్టలు తీస్తుందని, అంతే కదా.

"ఎటూ పోదండి," అన్నాను. "పోతే నన్నే అడగమనండి. ఇంట్లో ఉండేది నేను. కావాలంటే ఆ మాట కూడా రాసి సంతకం పెడతాను."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత కళ్ళజోడు తెమ్మని లోపలికి కేకేశారు.

గడువు ఇంకా ఉండగానే కాగితాలు మళ్ళీ వెళ్ళాయి. మా ఇంట్లో విదేశీయురాలు ఉందని పోలీసులకు ఆన్‌లైన్లో మేము తెలియజేయాల్సింది కూడా అప్పటికిగాని మాకు తెలియలేదు. అదీ చేశాము. ఆ తర్వాత ఎదురుచూపులు. ఆన్‌లైన్లో ఎప్పుడు చూసినా 'పరిశీలనలో ఉంది' అనే మాటే. అలా చూస్తుండగానే వీసా గడువు రోజు వచ్చింది, వెళ్ళిపోయింది.

దరఖాస్తు గడువులోపే వెళ్ళింది కాబట్టి భయం లేదని, కాకపోతే ఊరు దాటకపోవడం మంచిదని వాళ్ళ ప్రొఫెసర్ అన్నారట. ఆ అమ్మాయి రెండో మాటే పట్టుకుంది. కాలేజీకి తప్ప గేటు దాటడం మానేసింది. రోడ్డు మీద బండి ఆగితే మెట్ల మీదికొచ్చి తొంగిచూసేది. నాకూ అదే జబ్బు అంటుకుంది. గుడ్డ కత్తిరిస్తూ గేటు చప్పుడైతే చేయి ఆగిపోయేది.

అంతలో నీళ్ళు తెచ్చే రోజు దగ్గరపడింది. వానల తర్వాత ఆ నెల నీళ్ళు లేకపోతే ఏడాదిగా చేసిన లెక్క తెగిపోతుందని, మళ్ళీ వానాకాలం దాకా ఆగాలని చెప్పింది. ఆగడానికి వీసా ఏది? నేను వెళ్తానన్నాను. ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. ఇద్దరం వంటింట్లో బకెట్టు పెట్టుకుని సాధన చేశాం. సీసాను ముందు ఆ సరస్సు నీళ్ళతోనే కడగాలి, సీసా నీళ్ళలో ఉండగానే మూత బిగించాలి, లోపల బుడగ ఉండకూడదు.

ఐసు పెట్టె పట్టుకుని, బస్సులో భీమవరం వెళ్ళి, అక్కడ రైలెక్కి మండవల్లిలో దిగాను. ఎప్పుడూ ఆ అమ్మాయిని తీసుకెళ్ళే పడవాయన నన్ను చూసి అనుమానంగానే ఎక్కించుకున్నాడు.

"ఆ అమ్మాయిగారు రాలేదేంటండి?"

జ్వరమని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "వీసా కాగితం రావాలండి," అన్నాను.

అతను గెడ వేస్తూ తలూపాడు. తన చేపల చెరువు గట్టు సరస్సు హద్దు లోపల ఉందంటున్నారని, ఉంచుతారో కొట్టేస్తారో ఏ కాగితమూ రాక ఈ ఏడు చేప పిల్లలు వేయలేదని చెప్పాడు. గుర్రపుడెక్క పక్కకు నెట్టి ఎక్కడ ముంచాలో అతనే చూపించాడు. మొదటి సీసాలో బుడగ వచ్చింది. పారబోసి మళ్ళీ ముంచాను.

ఒడ్డుకొచ్చేసరికి గట్టు మీద అటవీశాఖ జీపు ఆగి ఉంది. ఒకాయన దిగి పెట్టెలో ఏముందని అడిగారు. "నీళ్ళండి," అన్నాను. ఆయన మూత తీసి ఒక్కో సీసా ఎత్తి చూశారు. నీళ్ళు తీసుకోవడానికున్న అనుమతి పత్రం నకలు ఆ అమ్మాయి నాతో పంపింది, అది ఇచ్చాను. అందులో పేరు నాది కాదు. ఆ మనిషి ఏదని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన కాలేజీకి ఫోన్ చేసి ప్రొఫెసర్‌తో మాట్లాడారు. అది అయ్యేదాకా పడవాయన వెళ్ళిపోకుండా నా పక్కనే నిలబడ్డాడు. చివరికి ఆ ఆఫీసరు పత్రం నా చేతికిచ్చి, ఇంకోసారి పేరున్నవాళ్ళే రావాలండి అన్నారు.

సీసాలు చూసి ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుంది. జీపు సంగతి అప్పుడు చెప్పలేదు.

ఆ వారంలోనే కానిస్టేబుల్ విచారణకు వచ్చారు. గది చూశారు, పాస్‌పోర్టు చూశారు. ఈవిడ ఇక్కడే ఉంటున్నారాండీ అని మా అత్తమ్మను అడిగారు.

"ఇక్కడే కదండీ," అంది అత్తమ్మ. "మా పిల్లలతో పాటే."

పొడిగింపు ఒక పొద్దున వచ్చింది. అడిగినన్నాళ్ళు ఇవ్వలేదు గానీ, థీసిస్ ముగించడానికి సరిపోతుంది. ఆ అమ్మాయి గంతులేస్తుందనుకున్నాను. మెట్ల మీద కూర్చుని వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి వాళ్ళ భాషలో మెల్లగా మాట్లాడింది. తర్వాత పైకెళ్ళి పడుకుంది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. నేను పైకెళ్ళి తలుపు దగ్గర నిలబడి, ఊపిరి చప్పుడు విని, వచ్చి మళ్ళీ మిషను ముందు కూర్చున్నాను.