పళ్ళెంలో పెట్టిన ఐదువేల ఒక్క రూపాయి

వడ్రంగి వచ్చింది శుక్రవారం సాయంత్రం, దీపం పెట్టిన తర్వాత. బాకీ అడగడానికి మా వైపు ఎవరూ ఆ వేళ ఎంచుకోరు. శుక్రవారం దీపం పెట్టాక ఇంట్లోంచి డబ్బు బయటికి పోకూడదు. అది ఆయనకూ తెలుసు.

"తీసుకునేదానికి రాలేదమ్మా," అన్నాడు చెప్పులు విడుస్తూ. "ఇయ్యాల అడిగేదానికే వచ్చినాను. తీసుకునేది రేపు."

ఎంత అని అడిగాను. ఐదువేలు అన్నాడు. దేనికి అని అడిగాను. ఈ తలుపుల కూలిలో నిలిచిపోయిన బాకీ అన్నాడు.

నేను ఉద్యోగం మానాక తిరుత్తణి పక్కన కట్టించుకున్న ఇల్లు ఇది. వీధి వాకిలికి ద్వారబంధం నిలబెట్టి అప్పటికి మూడేళ్ళు దాటింది. పని చేసింది ఈయనా, వాళ్ళ నాన్నా. కలప మాది. తలుపులకూ కిటికీలకూ కలిపి కూలి అరవైవేలకు మాట్లాడుకున్నాం. నేను ముప్పై ఏళ్ళు పాల సొసైటీలో లెక్కలు రాసినదాన్ని. పంపకాల్లో కూడిక తేలని అన్నదమ్ములు ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. నా దగ్గర బాకీ ఉందని చెప్పి ఒక మనిషి మా అరుగు మీద కూర్చోవడం అదే మొదలు.

"మొదట ఐదు," అన్నాను. "గోడలు లేచినాక ఇరవైఅయిదు. పైకప్పు పడినాక ఇరవై. ఆఖర్న పది. అరవై అయిందా, లేదా?"

"మొదట ఐదు ఎప్పుడిచ్చినారమ్మా?"

"దారబందం ఎత్తిన పొద్దు."

"అది పళ్ళెంలో పెట్టింది గదా."

"పళ్ళెంలో పెడితే డబ్బు కాకుండా పోతుందా?"

"డబ్బేనమ్మా. కూలి మాత్రం కాదు. అది మరియాద."

ద్వారబంధం నిలబెట్టే రోజు దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కడతారు. పూజ అయ్యాక వడ్రంగికి కొత్త పంచె ఇచ్చి, పళ్ళెంలో ఆకూ వక్కా అరటిపండ్లతో కొంత డబ్బు పెడతారు. నూటొక్కటి పెట్టేవాళ్ళుంటారు, ఐదునూట ఒకటి పెట్టేవాళ్ళుంటారు. పైన ఆ ఒక్క రూపాయి ఉండి తీరాలి. నేను ఐదువేల ఒకటి పెట్టాను. పని మొదలుపెట్టినందుకు బయానా ఎలాగూ ఐదువేలు ఇవ్వాలి, పళ్ళెం ఎలాగూ ఇవ్వాలి. రెండుసార్లు ఎందుకని కలిపి ఒకేసారి ఇచ్చాను. ఇప్పటికీ ఆ ఆలోచనలో నాకు తప్పు కనిపించదు. ఆ మాట పళ్ళెం అందుకునేవాళ్ళకు చెప్పలేదు, అంతే.

ఆఖరి పదివేలు ఇచ్చేటప్పుడు చెప్పాను. అప్పుడు వాళ్ళ నాన్న ద్వారబంధం వైపు కాసేపు చూసి, "సరేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

"ఆ పొద్దే అడగాల్సింది," అన్నాను. "మూడేండ్లు ఏం చేస్తా ఉన్నావు?"

"మా నాయన అడగనియ్యలేదు. దారబందం ఎత్తిన ఇంటిమీద తగువు పెట్టుకుంటే ఉలి మొద్దుబారతాదంట. ఆయన పొయ్యి ఏడాది అయింది."

"ఇప్పుడు మొద్దుబారదా?"

"ఇప్పుడు ఉలితో ఎవురు చేస్తా ఉండారమ్మా? అంతా మిషనే. ఆ మిషను తిరువళ్ళూరులో కుదవలో ఉండాది. సోమవారంలోగా ఇడిపించకపోతే అమ్మేస్తానంటా ఉండాడు వడ్డీ ఆయన. మిషను పోతే నేను కాట్టుపల్లి హార్బరుకి పొయ్యి కాంట్రాక్టు పనిలో ఇనుం మొయ్యాల్సిందే. మా బామ్మర్ది అప్పుడే పేరు కూడా రాయించినాడు."

అది చిత్రిక పట్టే మిషను. దాన్ని పోగొట్టుకున్న వడ్రంగి వడ్రంగి కాదని నాకూ తెలుసు. కానీ ఒకరి అవసరం ఇంకొకరి బాకీ కాదు. ఆ సంగతే చెప్పాను. పైగా వెనక తలుపు మాటేమిటని అడిగాను. కిందటేడు వానలయ్యాక వచ్చి చిత్రిక పట్టి ఇస్తానని మాటిచ్చినవాడు మళ్ళీ రాలేదు. ఐప్పసి నెలలో వానలు పట్టాయంటే ఆ తలుపు ఉబ్బి మూసుకోదు. నేను దానికి రోకలి అడ్డం పెట్టి పడుకుంటాను.

"మిషను ఉంటే పట్టేవాణ్ణి గదమ్మా."

అప్పటిదాకా లోపల చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా ఆడబిడ్డ గిన్నెతో సహా వచ్చి గడప పక్కన కూర్చుంది. నా భర్త చెల్లెలు, నాతోనే ఉంటుంది. ఆ రోజు పళ్ళెం పట్టుకుని నిలబడింది ఆమే.

"మీ ఇద్దురి లెక్కా ఆ మిషన్లోనే ఇరుక్కోనుండాదే," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "వదినే, ఒక మాట అడుగుతా. ఆ ఐదువేలు కూలి కిందే జమ అంటావా?"

"అంటాను."

"అట్లయితే మరియాద కింద పెట్టింది ఎంత?"

తీసివేత చిన్నదే.

"ఒక్క రూపాయి," అంది ఆమే. "ఆ పొద్దు ఊరంతా ఉండారు. మా పెద్దమ్మ కోడలు ముక్కు మీద వేలేసుకునింది. ఐదువేలొకటి పెట్టిన చెయ్యి అని ఇప్పటికీ చెప్పుకుంటా ఉండారు. నువ్వు ఇనుకుంటా కూసున్నావే గాని, కాదు తల్లీ, నేను పెట్టింది రూపాయే అని ఎవురికన్నా చెప్పినావా?"

చెప్పలేదు. పొగడ్తకు నేను లెక్క రాయను, అందుకని అది ఎక్కడా తేలలేదు.

వడ్రంగి నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు సులువయ్యేది. నేల చూస్తూ, "పోనీలెండమ్మా, కూలి అనే పెట్టుకోండి. నేను ఎవురితోనూ ఏమీ చెప్పను," అన్నాడు.

"నువ్వు చెప్పే పన్లేదు ఆచారీ," అంది మా ఆడబిడ్డ. "నేను లేనా?"

చిక్కుడు గింజలు ఒలవడం అయిపోయింది. ఆమె గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె చెబుతుందా లేదా అన్నది నేను లెక్క వేసుకున్నాను. నేను కోడలిగా రాకముందు నుంచీ ఈ కుటుంబంలో ఉన్న మనిషి. చెబుతుంది.

రేపు పొద్దున తిరువళ్ళూరులో ఆ వడ్డీ కొట్టు దగ్గరే ఉండమని వడ్రంగికి చెప్పాను. డబ్బు ఇక్కడే ఇస్తే సరిపోదా అన్నాడు. సరిపోతుంది, కానీ అది మిషను అవుతుందో ఇంకేమైనా అవుతుందో నేను చూడాలన్నాను. ఆయనేమీ తప్పు పట్టలేదు.

శనివారం లోకల్ రైల్లో వెళ్ళాను. కొట్టు స్టేషనుకు కాస్త దూరంలో, ఒక మందుల అంగడి మేడ మీద ఉంది. మెట్ల కిందే వడ్రంగి నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా వేసుకుని. సంచిలోంచి డబ్బు తీశాను. ఆయన అలవాటుగా రెండు చేతులూ కలిపి పట్టాడు.

"ఒక చెయ్యి చాలు," అన్నాను. "ఇది కూలి."

ఎడమ చెయ్యి దించేశాడు. డబ్బు తీసుకుని, నా ఎదురుగానే లెక్కపెట్టుకున్నాడు. అది నాకు నచ్చింది. వాళ్ళ నాన్న ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు, అందుకే ఇంత దూరం వచ్చింది.

వడ్డీ ఆయన అసలు నాలుగువేలు, వడ్డీ తొమ్మిదివందల అరవై అన్నాడు. నూటికి నెలకు రెండు రూపాయలు, పన్నెండు నెలలు. పెట్టింది ఏ రోజని అడిగాను. పదకొండు నెలలు నిండి నాలుగు రోజులే అయింది.

"మొదలైన నెల నెలే, పాట్టీ," అన్నాడు, నన్ను అరవంలో అవ్వను చేసి. "మా కొట్టులో అంతే."

"అయితే నేను నీ కొట్టులోకి అడుగు పెట్టినాను గాబట్టి కొట్టు నాదే," అన్నాను.

ఆయన నన్నూ, నా సంచినీ, నా వెనక నిలబడ్డ వడ్రంగినీ చూశాడు. నాలుగు రోజులకు పది రూపాయలు వేసి, మొత్తం ఎనిమిదివందల తొంభైకి దిగాడు. డెబ్బై రూపాయలు తగ్గాయి. అది నా రైలు ఖర్చు కంటే ఎక్కువే, కానీ డెబ్బై వడ్రంగివి, ఖర్చు నాది. మిషను గోనెసంచిలో చుట్టి ఉంది. వడ్రంగి విప్పి, ప్లగ్గులో పెట్టి, ఒక్కసారి ఆడించి చూసుకున్నాడు. కొట్టంతా దుమ్ము లేచింది. వడ్డీ ఆయన ముక్కు మూసుకున్నాడు. వడ్రంగి మాత్రం మూసుకోలేదు.

"బామ్మర్దికి ఏమని చెప్తావు?" అని అడిగాను మెట్లు దిగుతూ.

"ఆ పేరు కొట్టెయ్యమని చెప్తానమ్మా."

బుధవారం వచ్చి వెనక తలుపు ఊడదీసి, కింది అంచూ పక్క అంచూ చిత్రిక పట్టి మళ్ళీ బిగించాడు. ఎంత అని అడిగాను. ఏమీ వద్దు, అది పాత మాట అన్నాడు. మా ఆడబిడ్డ అడక్కుండానే పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టుకుని తెచ్చి నా ముందు పట్టుకుంది. నేను నూటొక్క రూపాయి పెట్టాను. పెట్టేముందు, "ఇది మర్యాద. దేంట్లోనూ తగ్గించేది లేదు," అని ఇద్దరికీ వినపడేలా చెప్పాను. ఆయన రెండు చేతులతో తీసుకున్నాడు.

ఆ తర్వాతి తై నెలలో, సంక్రాంతి దాటాక, పక్క వీధిలో ఒకరు ద్వారబంధం నిలబెడుతూ పిలిస్తే వెళ్ళాం. ఆ ఇంటావిడ ఐదునూట ఒకటి పళ్ళెంలో పెట్టి, నన్ను చూసి మొహం మాడ్చుకుంది.

"నీ వల్లనే పెద్దమ్మా, ఈ ఆచారులు పళ్ళెంలోకి తొంగి తొంగి చూస్తా ఉండారు. ఐదువేలొకటి పెట్టింది నువ్వే గదా?"

మా ఆడబిడ్డ నా పక్కనే ఉంది. నా వైపు తిరిగి చూసింది.

"అవును," అన్నాను. ఈసారి ఆ మాటకు డబ్బు వేరే కట్టి ఉన్నాను.