కొత్త కంప్యూటర్ కడుపులో పాత కంప్యూటర్

చక్కగా సాగే పనిని రైలెక్కించి మరీ చెడగొట్టుకున్న మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే నా గోడు వినండి.

తాండూరులో నాది ఎంబ్రాయిడరీ దుకాణం. మా ఆయన పోయాక ఆయన గీసిన డిజైన్లే నాకు అన్నం పెడుతున్నాయి. అవన్నీ ఒక పాత ప్రోగ్రాంలో ఉన్నాయి. నాకు అక్షరాలు అంతంతే. బొమ్మ చూసి నొక్కుతాను, మిషన్ కుట్టేస్తుంది. పాత కంప్యూటర్ దగ్గి దగ్గి కన్నుమూస్తే, వికారాబాద్‌లో సునీత అనే అమ్మాయి దుకాణం నుంచి కొత్తది తెచ్చాను.

శుక్రవారం మా పక్కింటి రెహానా కూతురి పెళ్లి. పెళ్లి దుపట్టా అంచున మా ఆయన ద్రాక్షతీగ కుట్టాలి. "కొత్త కంప్యూటర్ మీద తొలి పని నీ బిడ్డదే" అని మాటిచ్చాను. మంగళవారం రెహానా చూడ్డానికొచ్చింది. మీట నొక్కితే ఏముంది? అదే నీలి తెర, అవే ముతక బొమ్మలు!

"ఇది పాతదే గదా అక్కా! మాకే టోపీ పెడుతున్నవా?"

నా ముఖం మాడిన రొట్టె అయింది. ఆ డబ్బాను చీరలో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను.

"ఏమే సునీతా, ముసల్దానికి కొత్త చీర కట్టి నాకు అంటగట్టినవా?"

"కాదు పెద్దమ్మా! నీ పాత ప్రోగ్రాం కొత్తదాంట్ల నడవది. అందుకే ఎమ్యులేటర్ ఎక్కిచ్చిన. అది లోపల పాత కంప్యూటర్ లెక్క వేషమేస్తది. గప్పుడే నీ డిజైన్లు తెరుసుకుంటయి."

"నా దుకాణంల వేషాలు నడవయి. తీసెయ్!"

"జర ఇను పెద్దమ్మా..."

"తీస్తవా, ఈడనే కూసోవాల్నా?"

వచ్చిన గిరాకీ అంతా కొనడం మానేసి నన్నే చూస్తోంది. పాపం, తీసేసింది.

తిరిగొచ్చి మీట నొక్కితే తెర మీద పచ్చని కొండలు, తళతళలు! రెహానాను పిలిచి చూపించి మురిసిపోయాను. ఆమె అటు వెళ్లగానే ద్రాక్షతీగ మీద నొక్కాను. తెరుచుకోలేదు. గట్టిగా నొక్కాను. బతిమాలుతూ నొక్కాను. ఊహూ! తీగ లేని దుపట్టాతో ఆ పిల్లను ఎలా సాగనంపేది?

మర్నాడు అదే డబ్బా, అదే రైలు.

"ఆ వేషగాన్ని మల్ల తోలుకరా తల్లీ" అన్నాను, పిల్లిలా.

"నిన్న పులి లెక్కొస్తివి గదా పెద్దమ్మా!" అని నవ్వుతూనే ఎక్కించింది.

ఆ నీలి తెర ఎవరి కంటా పడకుండా, కుట్టినంతసేపూ దానికి తువ్వాలు అడ్డం కట్టాను. గురువారం రెహానా వచ్చి, అంచు మీద వేళ్లు ఆడించి మురిసిపోయింది.

"చూసినవా అక్కా! పాతదాని మీద గిట్ల ఎన్నడన్న కుట్టినవా? కొత్తదాని పనే వేరు!"

నేను దారం కొరుకుతున్నట్టు నటించి తలూపాను.

ఆ రోజే మిషన్ ముందు నిలబడి ఒట్టేశాను: ఏ యంత్రం ఏ వేషం కట్టినా సరే, ఆట ముగిసేదాకా రంగు కడుక్కోమని ఈ జన్మలో అడగను.